మిడ్ మానేరులో మా మొదటి మోటారు పడవ: ఏడాదిన్నర వాడకం తర్వాత

మేము కొన్నది పద్నాలుగు అడుగుల ఫైబర్ పడవ, దాని వెనుక పలకకు బిగించే సుజుకి డీఎఫ్20ఏ ఔట్‌బోర్డ్ ఇంజన్. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని మిడ్ మానేరు జలాశయంలో ఏడాదిన్నరగా నడుపుతున్నాం. మా బావది ఆ జలాశయంలో మునిగిపోయిన ఊళ్లలో ఒకటి. ఇల్లూ పొలమూ నీళ్ల కిందికి పోయాక పునరావాస కాలనీకి వచ్చి, మత్స్య సహకార సంఘంలో సభ్యుడై చేపలు పట్టి బతుకుతున్నాడు. నేను హనుమకొండలో ఉంటాను. పెట్టుబడిలో సగం నాది. సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి ఆయనతో పాటు నీళ్ల మీదికి దిగుతాను. ఇంజన్ మీద మాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. పడవ మీద కొంత ఉంది. ఈ రెండింటినీ జతచేసి మా చేతిలో పెట్టిన దుకాణం మీద చాలా ఉంది. ఆ దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. మొదటిసారి మోటారు పడవ కొనే మన ప్రాంతం వాళ్లకు ఆ పేరు కంటే, కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్నలే ఎక్కువ అక్కరకు వస్తాయని నా నమ్మకం.

అంతకు ముందు బావకు ఉన్నది ఒక పుట్టి, రెండు తెడ్లు. సాయంత్రం వేసిన వలలను తెల్లవారుజామున తీసి, ఆరు కిలోమీటర్లు తెడ్డు వేసుకుంటూ ఒడ్డు చేరేసరికి రెండు గంటలు దాటేది. ఎదురుగాలి ఉన్న రోజు మూడు గంటలు. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది గంటల ఎండకే చేప మెత్తబడి, ఒడ్డున ఎదురుచూసే వ్యాపారి ధర తగ్గించి అడిగేవాడు. ఇప్పుడు అదే దూరం ఇరవై, ఇరవై ఐదు నిమిషాల్లో తెగుతోంది. మేము పడవ కొన్నది ఇందుకే, ఆ పని అది నిక్కచ్చిగా చేస్తోంది. ఈ మాట ముందే చెప్పకుండా లోపాల జాబితా విప్పితే పడవకు అన్యాయం చేసినట్లవుతుంది.

కొనేముందు ఇంట్లో జరిగిన చర్చ అంతా భయం గురించే. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు, అందులో మా హనుమకొండ పక్కనే ఉన్న కడిపికొండ వాళ్లు కూడా ఉన్నారు. వెళ్లినవాళ్లలో ఎక్కువమంది తిరిగి రాలేదు. ఆ వారం మా వీధుల్లో వేరే మాట వినబడలేదు. అందుకే మోటారు పడవ అనగానే అక్క ముఖం మారిపోయింది. ‘పుట్టి అయితే మెల్లగ పోతది, మునిగినా తేలుతది, ఇంజన్ పెట్టినంక ఆగుతదా తమ్మీ’ అని ఆమె అడిగిన ప్రశ్నకు అప్పుడు నా దగ్గర సరైన సమాధానం లేదు. వేగం వల్ల పడవ బోర్లా పడుతుందేమో, ఇంజన్ అంటుకుంటుందేమో, సుడిలో చిక్కుకుంటామేమో అని మేము భయపడ్డాం. ఏడాదిన్నరలో మాకు ఎదురైన ఇబ్బందుల్లో ఇవేవీ లేవు. ఎదురైనవన్నీ చిన్నచిన్న వస్తువుల వల్ల వచ్చినవే: ఒక మర, ఒక బిరడా, ఒక తాడు, అయిదు అంగుళాల కొలత తేడా.

ఆ అయిదు అంగుళాల నుంచే మొదలుపెడతాను, ఎక్కువ డబ్బు, ఎక్కువ రోజులు పోయింది దాని దగ్గరే కాబట్టి. ఔట్‌బోర్డ్ ఇంజన్లు కాలి (ఇంజన్ నుంచి నీళ్లలోకి దిగే భాగం) పొడవును బట్టి రకాలుగా వస్తాయి. పొట్టి కాలిది పదిహేను అంగుళాల ఎత్తున్న వెనుక పలకకు, పొడవు కాలిది ఇరవై అంగుళాల పలకకు సరిపోతుంది. మా పడవ పలక ఎత్తు ఇరవై. దుకాణంలో సరుకు ఉన్నది పొట్టి కాలి ఇంజన్. ‘ఒకటే ఇంజన్, ఒకటే పవర్, ఏం తేడా ఉండదు’ అని బిగించి పంపించారు. నీళ్లలో దింపిన రోజు ఇంజన్ గట్టిగా అరుస్తోంది గానీ పడవ ముందుకు కదలడం లేదు. మలుపు తిప్పితే ఆ అరుపు ఇంకా పెరిగి, వెనుక తెల్లటి నురగ తప్ప ఏమీ కనిపించలేదు. ప్రొపెల్లర్ నీళ్లలో తగినంత లోతుకు దిగక పైనుంచి గాలిని లాక్కుంటోందని, దాన్ని అలాగే నడిపితే చల్లబరిచే నీళ్లు కూడా సరిగా అందక ఇంజన్ వేడెక్కుతుందని మాకు ఆ రోజు తెలియదు. కొత్త ఇంజన్ కదా, కొన్ని రోజులకు సర్దుకుంటుందని అనుకున్నాం.

మీరు కొనేటప్పుడు చూడవలసినది ఇంతే. ప్రొపెల్లర్‌కు సరిగ్గా పైన, ఇంజన్ కాలికి అడ్డంగా ఒక చదునైన రెక్క ఉంటుంది. ఇంజన్‌ను నిటారుగా దింపి నిలబెట్టినప్పుడు ఆ రెక్క పడవ అడుగుతో సమానంగా గానీ, ఒక అంగుళం కిందికి గానీ ఉండాలి. దుకాణంలోనే ఒక తిన్నని కర్రను పడవ అడుగుకు ఆనించి వెనక్కి చాపితే తేడా కంటికి కనబడుతుంది. మా ఇంజన్ రెక్క నాలుగు వేళ్ల పైన ఉంది. మార్చమని అడిగితే మొదట వాళ్లిచ్చిన సలహా పడవ పలకను కోసి ఎత్తు తగ్గించుకోమని! దానికి ఒప్పుకోకపోవడం మేము చేసిన మంచి పనుల్లో ఒకటి. పలక తగ్గితే, పడవను ఉన్నట్టుండి ఆపినప్పుడు మన వెనుకే వచ్చే మన అల మన పడవలోకే ఎక్కుతుంది. నెల రోజులు తిరిగి తిరిగి, రవాణా ఖర్చు మేమే పెట్టుకుని, చివరికి పొడవు కాలి ఇంజన్ తెచ్చుకున్నాం. అదే పడవ, అదే బావ, అదే నీళ్లు. ఆ రోజు పడవ ముక్కు ఒక్కసారి లేచి, తిరిగి చదునుగా దిగి, నీటి మీద జారుతూ పోయింది.

ఇక ఇంజన్ సంగతి. ఇది ఇరవై హార్స్ పవర్‌ది, ఫోర్ స్ట్రోక్, రెండు సిలిండర్లు, 327 సీసీ. బ్యాటరీ అవసరం లేని ఫ్యూయల్ ఇంజెక్షన్ దీనికి ఉంది. తాడు లాగినప్పుడు పుట్టే కరెంటుతోనే పని మొదలవుతుంది కాబట్టి చోక్‌తో కుస్తీ పట్టనక్కర లేదు, బ్యాటరీ దిగిపోయిందన్న బెంగ లేదు. జనవరి చలిలో కూడా రెండో లాగుకు అందుకుంటుంది. పాత టూ స్ట్రోక్ ఇంజన్లలాగా పెట్రోలులో ఆయిల్ కలిపే పని లేదు, పొగ లేదు. బరువు నలభై అయిదు కిలోల చుట్టూ ఉంటుంది. రాత్రి ఇంటికి తెచ్చుకోవాలంటే ఇద్దరం మోయగలం, ఒక్కడి వల్ల కాదు. పడవలో ఇద్దరమే ఉంటే గంటకు 30 కిలోమీటర్ల దగ్గరకు పోతుంది. నలుగురు ఎక్కి, వలలు, చేపల డబ్బాలు పెడితే ముక్కు లేపుకుని బరువుగా నడుస్తుంది. మెల్లగా నడిపితే గంటకు రెండు మూడు లీటర్లు, పూర్తిగా తిప్పితే ఆరు లీటర్లు దాటుతుంది. నలభై హార్స్ పవర్ తీసుకోమని దుకాణంలో చాలా బలవంతపెట్టారు. ఈ పడవకు అది ఎక్కువ. వెనుక బరువు పెరిగి పలక నీటికి దగ్గరవుతుంది, పెట్రోలు ఖర్చు రెట్టింపవుతుంది. తక్కువ తీసుకున్నామన్న చింత మాకు ఒక్క రోజూ కలగలేదు.

కొత్త ఇంజన్‌ను మొదటి పది గంటలు పూర్తి వేగంతో నడపకూడదు, ఒకే వేగంలో కూడా ఎక్కువసేపు ఉంచకూడదు. మొదటి ఇరవై గంటలకు ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ మార్చాలి, ఆ తర్వాత ప్రతి వంద గంటలకు ఒకసారి. ఇదంతా ఇంజన్‌తో వచ్చిన పుస్తకంలో ఇంగ్లీషులో ఉంది. బావకు ఇంగ్లీషు రాదు. దుకాణం వాళ్లు ఆ పుస్తకం తెరిచి చూపించలేదు. ఇంజన్ నడిచిన గంటలు రాసుకోవడానికి బావ ఇప్పుడు చేపల లెక్కల నోట్‌బుక్కులోనే చివరి పేజీలు వాడుతున్నాడు.

మేము చేసిన పెద్ద తప్పు పెట్రోలు ట్యాంకు దగ్గర జరిగింది. ఇంజన్‌తో పాటు పన్నెండు లీటర్ల విడి ట్యాంకు వస్తుంది. దాని నుంచి గొట్టం, గొట్టం మధ్యలో చేతితో నొక్కే రబ్బరు బుగ్గ. పొడవు కాలి ఇంజన్ వచ్చిన మూడో రోజు, ఒడ్డు నుంచి మూడు కిలోమీటర్ల దూరంలో, ఇంజన్ గొంతు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. మొదట పెట్రోలు అయిపోయిందనుకున్నాం. ట్యాంకు ఊపితే సగానికి పైగా ఉంది. బావ తాడు లాగాడు, నేను లాగాను, మళ్లీ బావ లాగాడు; ఇరవై సార్లు లాగేసరికి నా అరచేతిలో తోలు లేచింది. రబ్బరు బుగ్గను చూస్తే అది ఎండిన రేగుపండులాగా లోపలికి ముడుచుకుని ఉంది. నొక్కితే నొక్కుడు పడింది, తిరిగి లేవలేదు. అప్పటికి గాలి మమ్మల్ని మెల్లగా మునిగిన తుమ్మ మొద్దుల వైపు నెడుతోంది. లంగరు లేదు, కొనలేదు. తెడ్లను ఒడ్డునే వదిలి వచ్చాం. ఇంజన్ ఉన్నాక తెడ్లెందుకు అనుకున్నాం!

కొంతసేపటికి పుట్టిలో ఒక పెద్దాయన అటుగా వచ్చాడు. వయసులో ఉన్నప్పుడు కాళేశ్వరం దగ్గర గోదావరిలో మోటారు పడవల మీద పనిచేసినవాడు. పుట్టిని మా పడవకు ఆనించి, ట్యాంకు వైపు ఒకసారి చూసి, ‘మూత మీది మర ఇప్పినవా సారూ’ అని అడిగాడు. ట్యాంకు మూత నడినెత్తిన బొటనవేలి గోరంత నల్లటి మర ఒకటి ఉంది. అది మూత మీద అలంకారం అనుకున్నామే తప్ప తిప్పేదని మాకు తోచలేదు. ఆయన రెండు చుట్లు తిప్పగానే ట్యాంకు సుయ్‌మని గాలి పీల్చింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. రబ్బరు బుగ్గ మా కళ్ల ముందే నిండుకుని గుండ్రంగా లేచింది. బుగ్గ గట్టిపడే దాకా నొక్కి తాడు లాగితే ఇంజన్ మొదటి లాగుకే అందుకుంది. నూనె డబ్బాకు ఒక్కటే బొక్క పెడితే నూనె సరిగా కారదు కదా, ఇదీ అంతే. పెట్రోలు బయటికి పోయినంత మేర గాలి లోపలికి రాకపోతే, ఇంజన్ కొంతసేపు బలవంతంగా లాక్కుని తర్వాత ఊపిరాడక ఆగిపోతుంది. నడిపేటప్పుడు ఆ మర తెరిచి ఉండాలి, మోసుకుపోయేటప్పుడు, ఇంట్లో పెట్టినప్పుడు మూసి ఉండాలి. ఒక్క నిమిషంలో చెప్పగలిగే ఈ మాటను అమ్మినవాళ్లు మాకు చెప్పి ఉండాల్సింది.

ఆ రోజు నుంచి పడవలో రెండు తెడ్లు, ఒక పొడవాటి గడ, ముప్పై మీటర్ల మోకుతో చిన్న లంగరు ఎప్పుడూ ఉంటున్నాయి. ఇంజన్ ఆగితే మొట్టమొదట లంగరు వేయాలి. పడవ కొట్టుకుపోకుండా నిలిచాక నెమ్మదిగా కారణం వెతుక్కోవచ్చు. పెట్రోలును మూడు వంతులుగా లెక్కపెట్టుకుంటున్నాం: పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, గాలి మారితే ఒక వంతు. ట్యాంకును పడవలో ఉంచి పెట్రోలు పోయడం మానేశాం. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది కాబట్టి పడవ అడుగున పేరుకుని ఉండిపోతుంది. ఒడ్డున నేల మీద పెట్టి నింపి, తుడిచి, తర్వాతే పడవలోకి ఎక్కిస్తున్నాం.

పెట్రోలు గురించి ఇంకో మాట చెప్పాలి. ఇంజన్ పుస్తకంలో ఇథనాల్ 10 శాతం దాకా ఉన్న పెట్రోలు వాడవచ్చని ఉంది. ఇప్పుడు మన బంకుల్లో మామూలుగా దొరికేది 20 శాతం దాకా కలిపినది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీళ్లు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇంజన్‌కు ముందు అందేది ఆ అడుగుదే. రోజూ నడిచే బండికి ఈ ఇబ్బంది తెలియదు గానీ, నెల రోజులు ఒడ్డున పడి ఉండే పడవకు తెలుస్తుంది. దీనికి మా దగ్గర పూర్తి పరిష్కారం లేదు. పది రోజులకు సరిపడేంతే కొంటున్నాం, మిగిలితే బావ బైకులో పోస్తున్నాం, గొట్టం మధ్యలో నీటిని వేరుచేసే ఫిల్టర్ ఒకటి అదనంగా పెట్టించాం. ఆ ఫిల్టర్ గిన్నె అడుగున ఒకసారి వర్షాకాలంలో అర చెంచా నీళ్లు కనిపించాయి. అది లేకపోతే ఆ నీళ్లన్నీ ఇంజన్‌లోకే పోయేవి.

బిరడా కథ చిన్నది. పడవ అడుగున, వెనుక వైపు, చేరిన నీళ్లు పోవడానికి ఒక రంధ్రం, దానికి ఒక బిరడా ఉంటాయి. ఒడ్డుకు లాగినప్పుడు తీస్తాం, దింపే ముందు పెట్టాలి. ఒకసారి మరిచాం. పాదాల కింద తడి తగిలేసరికి ఒడ్డుకు యాభై గజాల దూరమే పోయాం కాబట్టి తిరిగి రాగలిగాం. ఇప్పుడు ఒడ్డున బిరడా తీయగానే దాన్ని ఇంజన్ తాళంచెవి లాంటి ఎర్రటి తాడుకు కట్టేస్తున్నాం. ఆ తాడు లేకుండా ఇంజన్ నడవదు కాబట్టి బిరడా మరవడం ఇక కుదరదు.

ఆ ఎర్ర తాడు గురించి తప్పకుండా చెప్పాలి. దాని ఒక కొన ఇంజన్ మీది స్విచ్‌కు, రెండో కొన నడిపేవాడి మణికట్టుకో లైఫ్ జాకెట్‌కో తగిలించాలి. మనిషి నీళ్లలో పడితే తాడు లాగబడి ఇంజన్ ఆగుతుంది. మేము మొదటి రెండు నెలలూ దాన్ని స్విచ్‌కు పెట్టి, మిగతా భాగాన్ని ఇంజన్‌కే చుట్టి ఉంచాం. చేతికి కట్టుకుంటే పని చేసుకోవడానికి అడ్డమని బావ అనేవాడు. ఇలాంటి పడవల్లో ఇంజన్‌ను చేతి పిడితోనే తిప్పుతాం. పిడి వదిలేస్తే ప్రొపెల్లర్ తిరిగే బలానికి ఇంజన్ తనంతట తానే ఒక పక్కకు మళ్లి, పడవ గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. తిరిగి తిరిగి సరిగ్గా మనిషి పడిన చోటికే వస్తుంది, వెనుక ప్రొపెల్లర్ తిరుగుతూనే ఉంటుంది. ఇది తెలిసిన రోజు, నడుం లోతు నీళ్లున్న చోట పడవను మోకుతో గుంజకు కట్టి, మెల్లటి వేగంలో తాడు లాగి చూశాం. ఇంజన్ ఠక్కున ఆగింది. అక్కను పిలిచి ఒడ్డు మీద నుంచి చూపించాను. ఆమె అడిగిన ‘ఆగుతదా’కు సమాధానం అప్పుడు దొరికింది. ఆ తర్వాత ఎర్ర తాడు కట్టుకున్నాడో లేదో ఆమే చూసి బావను పంపుతోంది.

మిడ్ మానేరు సుమారు 27 టీఎంసీల జలాశయం. పైనుంచి చూస్తే సముద్రంలా కనబడుతుంది గానీ, దాని కింద అనుపురం, రుద్రవరం, చీర్లవంచ, చింతల్‌ఠాణా, కొదురుపాక లాంటి ఊళ్లున్నాయి. ఇళ్ల గోడలు, బావుల గట్లు, కరెంటు స్తంభాలు, చింతచెట్లు, తుమ్మ మొద్దులు ఎక్కడివక్కడే ఉన్నాయి. అక్టోబరులో రెండు నిలువుల లోతున ఉన్న మొద్దు ఏప్రిల్‌కు అడుగు లోతుకు వస్తుంది. ఇక్కడ పడవ నడపడానికి బావ వాడే పటం ఆయన తలలో ఉంది. ‘ఇది మా వాడకట్టు, ఇక్కడ బడి, దాని ఎనుక మర్రిచెట్టు, జర పక్కకు తిప్పు’ అని ముందు కూర్చుని నాకు చెబుతాడు. ఆ మాటలను విని పడవ తిప్పుతున్నప్పుడు నాకు కళ్లు చెమరుస్తాయి. అయినా గత మార్చిలో ఎవరిదో పాత పశువుల కొట్టం గోడ ఆయన లెక్కకు పది అడుగుల ఇవతల తగిలింది. ప్రొపెల్లర్ రెక్క ఒకటి వంగింది. విడి ప్రొపెల్లర్, దాన్ని పట్టి ఉంచే పిన్ను, నట్టు, రెంచి పడవలోనే ఉండటం వల్ల నీళ్లలోనే మార్చుకుని వచ్చాం. అది లేకపోతే తెడ్డే గతి. నీళ్లు తగ్గిన కాలంలో ఇంజన్‌ను కాస్త పైకి వంచి నడిపే ఏర్పాటు ఈ మోడల్‌లో ఉంది. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా తెలియని చోట్ల అలాగే, నడక వేగంతో పోతున్నాం.

చేపల వాళ్లకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. నైలాన్ వల ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే, పైకి కనబడినంత వరకు కోసి తీసేసి పని అయిపోయిందనుకుంటాం. ప్రొపెల్లర్ వెనుక ఇరుసు మీద సన్నటి దారం మిగిలిపోతుంది. అది తిరుగుతూ తిరుగుతూ ఆయిల్ సీలును కోస్తుంది, గేర్‌లోకి నీళ్లు దిగుతాయి. మాకు అదే జరిగింది. నలభై గంటలకు గేర్ ఆయిల్ తీసి చూస్తే నల్లగానో తేనె రంగులోనో ఉండవలసింది టీలో పోసే పాలలాగా తెల్లగా వచ్చింది. అప్పుడే చూశాం కాబట్టి సీలుతో పోయింది. చూడకపోతే గేర్లు పోయేవి. వల చుట్టుకున్న ప్రతిసారీ ప్రొపెల్లర్ పూర్తిగా విప్పి తుడవాలి, అది పది నిమిషాల పని. గుర్రపుడెక్క, నాచు ఉన్న చోట ఇంకోటి చూసుకోవాలి: ఇంజన్ నడుస్తున్నంతసేపూ వెనుక నుంచి సన్నటి నీటి ధార పడుతూ ఉంటుంది. ఆ ధార ఆగితే ఇంజన్‌కు నీళ్లు అందడం లేదని అర్థం, వెంటనే ఆపాలి. ఒడ్డు మీద నీళ్లు లేకుండా ‘స్టార్టవుతుందో లేదో చూద్దాం’ అని నడపడం కూడా ఇలాంటి తప్పే. నీటిని తోడే రబ్బరు చక్రం పొడిగా తిరిగితే నిమిషాల్లో పాడవుతుంది.

పడవ మీద నాకున్న ఫిర్యాదు బల్లల గురించి. అడుగున, బల్లల కింద, నీళ్లు నిండినా తేలేందుకు ఫోమ్ నింపామని చెప్పారు. కుండను తట్టి కొన్నట్లు వేళ్లతో తట్టితే ముందు బల్ల ఖాళీగా మోగింది. ఇంజన్ లేకుండా నడుం లోతు నీళ్లలో పడవను నింపి చూశాం. వెనుక భాగం తేలింది, ముక్కు మునిగింది. ముందు బల్ల కోసి ఫోమ్ నింపించుకోవడం మా ఖర్చే అయింది. పడవ బోల్తా పడితే ఈతకొట్టి ఒడ్డు చేరే ప్రయత్నం చేయకుండా పడవనే పట్టుకుని ఉండాలి అంటారు. తేలని పడవ అయితే పట్టుకోవడానికి ఏం ఉంటుంది? లైఫ్ జాకెట్లు మాత్రం మంచివే ఇచ్చారు. అయితే అన్నీ ఒకే కొలత. మేనకోడలికి వేసి నీళ్లలో నిలబెడితే జాకెట్ చెవుల దాకా లేచి పిల్ల కిందికి జారింది. పిల్లల కొలతవి విడిగా తెప్పించిన తర్వాతే వాళ్లను ఎక్కించాం.

గాలి విషయంలో మేము ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాం. ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలిదుమారం పావుగంటలో లేస్తుంది, ఈ వెడల్పు నీళ్ల మీద అలలు మోకాలెత్తు వస్తాయి. అలకు పక్క చూపకుండా, ముక్కును కొద్దిగా ఏటవాలుగా పెట్టి మెల్లగా నడిపితే పడవ బాగానే నిలబడింది. బరువును మధ్యకు, కిందికి చేర్చి, ఎవరినీ నిలబడనివ్వకూడదు. పడమట మబ్బు కట్టిందంటే మేము వలలు వదిలేసైనా తిరుగుతున్నాం. వరదవెల్లి గుట్ట మీది దత్తాత్రేయ స్వామి గుడికి తీసుకుపొమ్మని బంధువులు అడిగితే పొద్దున పూటే, నలుగురికి మించకుండా తీసుకుపోతున్నాం. అయిదో మనిషి ఎక్కబోతే దింపడానికి మొహమాటపడకూడదు. మా దగ్గర మొహమాటం ఎక్కువ, అందుకే చెబుతున్నాను.

కాగితాల సంగతి కొనకముందే తెలుసుకోండి. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన అంతర్గత నౌకల చట్టం 2021 ప్రకారం యంత్రంతో నడిచే పడవకు రిజిస్ట్రేషన్, తనిఖీ ధ్రువపత్రం, బీమా లాంటి నిబంధనలు ఉన్నాయి. జలాశయం నీటిపారుదల శాఖది, చేపల హక్కు సంఘానిది, కాబట్టి మత్స్య శాఖ కార్యాలయంలో, ప్రాజెక్టు ఇంజనీర్ల దగ్గర ముందుగా రాతపూర్వకంగా అడగాలి. ‘అవన్నీ అవసరం లేదు, చిన్న పడవే కదా’ అని దుకాణంలో చెప్పిన మాట నమ్మి మేము మూడు నెలలు ఆలస్యంగా మొదలుపెట్టాం. ఆ మూడు నెలలూ పడవ ఎక్కిన ప్రతిసారీ మనసులో బెరుకు ఉండేది.

సర్వీసుకు మా దగ్గరలో ఎవరూ లేరన్నది కొనేముందు మాకున్న పెద్ద దిగులు. మొదటి సర్వీసుకు ఇంజన్‌ను కారులో వేసుకుని హైదరాబాద్ దాకా తీసుకుపోయాం. పని బాగానే చేశారు గానీ రోజంతా పోయింది. తర్వాత కరీంనగర్‌లో బైకులు బాగుచేసే ఒక మెకానిక్ ఆసక్తిగా ముందుకొచ్చాడు. ఆయిల్, ప్లగ్గులు, నీటిని తోడే రబ్బరు చక్రం, గేర్ ఆయిల్ సీలు ఆయనే మారుస్తున్నాడు. విడిభాగాలు మేము తెప్పించి ఇస్తున్నాం. బైకు ఇంజన్ తెలిసిన చేతికి ఇది కొత్తగా ఏమీ అనిపించలేదట, కాలి భాగం ఒక్కటే నేర్చుకున్నానన్నాడు.

ఇంజన్‌కు నేను అయిదుకు అయిదు ఇస్తాను. పడవకు మూడు, ఫోమ్ ముందే సరిగా నింపి ఉంటే నాలుగు ఇచ్చేవాణ్ని. దుకాణానికి ఒకటి, అది కూడా లైఫ్ జాకెట్ల కోసం. సంఘంలో ఇంకో ఇద్దరు ఇదే ఇంజన్ కొనడానికి సిద్ధమవుతున్నారు. బావ వాళ్లతో పాటు దుకాణానికి పోతానంటున్నాడు. టేపుతో పలక కొలిచి, పొడవు కాలి ఇంజన్ బిగించి, నీళ్లలో దింపి, తెలుగులో అన్నీ చూపించిన తర్వాతే మిగతా డబ్బు ఇచ్చేలా ముందే మాట్లాడి పెట్టాడు.